గెలుపు ఎవరిదైనా వాటా బల్లదే

రమ్మీలో నిర్వాహకుడు ముక్క పట్టడు, పందెం కాయడు. అయినా ప్రతి ఆటలోనూ అతనికి రాబడే. ఎందుకు?

జడ్చర్లలోని బాదేపల్లి మార్కెట్ యార్డులో పల్లికాయ ధర ఒకరోజు పెరుగుతుంది, ఒకరోజు పడుతుంది. కమీషన్ ఏజెంటుకు మాత్రం ఏ రోజైనా తన శాతం ముడుతుంది. రమ్మీ క్లబ్బులూ, యాప్‌లూ బతికింది కూడా ఇలాంటి శాతం మీదే. అయితే యార్డులో చేతులు మారేది పంట. పేకబల్ల మీద కొత్తగా పండేదేమీ లేదు. అక్కడ తీసే ప్రతి రూపాయీ ఆడేవాళ్ల జేబులోదే.

అరవై ఆటల లెక్క

చక్రం తిప్పి ఆడే రౌలెట్‌లో క్యాసినోకు మొగ్గు ఆటలోనే ఉంది. చక్రంలో 37 గడులుంటే, ఒక అంకె మీద కాసి గెలిచినవాడికి 35 రెట్లే లాభమిస్తారు. వందకు సుమారు 2.7 రూపాయలు అలా మిగులుతాయి. రమ్మీలో, పోకర్‌లో ఆ మొగ్గు లేదు. పోటీ ఆటగాళ్ల మధ్యే.

సమాన నేర్పున్న ఆరుగురు తలా వెయ్యి రూపాయలతో కూర్చున్నారనుకుందాం. ఆటకు తలా వంద పందెం. పోగైన 600లో పదిశాతం, అంటే 60, నిర్వాహకుడు తీసుకుంటాడు. గెలిచినవాడికి 540. అరవై ఆటల్లో ఒక్కొక్కరూ పదేసి గెలిచారు. మొత్తం మీద ఎవరూ ఎవరి చేతిలోనూ ఓడిపోలేదు. కానీ ప్రతి ఒక్కరి దగ్గరా మిగిలింది 400. మిగతా 3,600 బల్లకు, అంటే నిర్వాహకుడికి పోయింది.

మనం ఓడిపోవాలని నిర్వాహకుడు కోరుకోనక్కర్లేదు. లేవకుండా ఆడితే చాలు. బోనస్‌లు, రాత్రింబవళ్లు తెరిచి ఉంచే ఆటలు, చకచకా పడే పంపకాలు అందుకే.

నేర్పు ఉంటే చాలా?

సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని చెప్పింది. పందెపు ఆట మీద నిర్వాహకుడు లాభం తీస్తే నేరం కావచ్చని కూడా అదే తీర్పులో అంది. రమ్మీ ప్రచారంలో మొదటి మాటే మోగింది, రెండోది మరుగున పడింది. తెలంగాణ 2017లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది.

నేర్పుతో పక్కవాడిని ఓడించవచ్చు. కానీ లాభపడాలంటే మొత్తం మీద కమీషన్‌ను మించి గెలవాలి. అంత నేర్పున్నవాళ్లు కొందరే. వాళ్ల లాభమూ, బల్ల వాటా రెండూ మిగతావాళ్లే కడతారు.

చట్టం ఒక దారి మూస్తే వ్యాపారం మరో పేరుతో వస్తుంది. కానీ అరవై ఆటల లెక్క మారదు. అది పదో తరగతి పిల్లలకూ అర్థమవుతుంది. జడ్చర్లలో ప్రతి బడిలో, ప్రతి ఇంట్లో వాళ్ల చేత కాగితం మీద వేయించాలి. ఒకసారి స్వయంగా వేసి చూసిన పిల్లవాణ్ణి ఏ ప్రకటనా అంత తేలిగ్గా మోసం చేయలేదు.