తొలి చదువు

మానవుడు మాట్లాడడం నేర్చి ఎన్ని వేల ఏండ్లయిందో కచ్చితంగా చెప్పలేము. రాతకు మాత్రం సుమారు 5,000 ఏండ్ల చరిత్రే ఉంది. అందువల్లనే మాట శిశువుకు సహజంగా అబ్బుతుంది; చదువు అట్లా అబ్బదు. చుట్టూ ఉన్నవారు మాట్లాడుతుంటే చాలు, మూడేండ్లు నిండేసరికి బిడ్డ చిన్న చిన్న వాక్యాలు కూర్చగలుగుతుంది. కాని చుట్టూ ఎన్ని పుస్తకాలున్నా, ఎవరో ఒకరు దగ్గర కూర్చోబెట్టుకొని దారి చూపనిదే సాధారణంగా చదువు రాదు. ఆ దారి బడి కంటే ముందు ఇంటిలోనే మొదలవుతుంది. దానిని ఎక్కడ మొదలుపెట్టాలన్నదే ప్రతి కుటుంబమూ ఆలోచించవలసిన విషయం.

మన పెద్దలు ఈ ఆరంభానికి ఒక పండుగ రూపమిచ్చారు. అదే అక్షరాభ్యాసం. గోదావరి తీరాన ఉన్న బాసర సరస్వతీ ఆలయానికి నేటికీ ఎందరో తల్లిదండ్రులు తమ బిడ్డలను ఇందుకోసం తీసుకొని వెళతారు. పళ్లెంలో బియ్యం పోసి, బిడ్డ వేలు పట్టుకొని ఓనమాలు దిద్దిస్తారు. ఇందులో ఒక చక్కని బోధనాసూత్రం ఇమిడి ఉంది. పెద్దలు పలుకుతుంటే బిడ్డ చెవి వింటుంది, నోరు పలుకుతుంది, వేలు ఆ రూపాన్ని తాకుతుంది. 1907లో రోము నగరంలో తొలి శిశుగృహాన్ని ప్రారంభించిన మరియా మాంటిస్సోరి కూడా గరుకు కాగితంతో చేసిన అక్షరాలను పిల్లల చేత వేలితో తడిమిస్తూ వాటి ధ్వనులను నేర్పింది. ఆమె 1939లో మద్రాసుకు వచ్చి మన దేశంలోని ఉపాధ్యాయులకు తన పద్ధతిలో శిక్షణ ఇచ్చింది. ధ్వనినీ, రూపాన్నీ, స్పర్శనూ ఒకటి చేయడమే ఈ రెండింటిలోనూ కనిపించే కీలకం.

అయితే అక్షరాలను గుర్తించడమే చదవడం కాదు. వర్ణమాలను తడుముకోకుండా అప్పజెప్పే బిడ్డ ‘పడవ’ అనే పదాన్ని చూసి ‘ప, డ, వ’ అని విడివిడిగా పలికి ఆగిపోవచ్చు. ఆ మూడు ధ్వనులు కలిసి ఒక మాటయి, ఆ మాట వినగానే నీటిపై తేలే పడవ మనస్సులో మెదిలినప్పుడే అది చదువు. ధ్వని, పదం, అర్థం అనే మూడు మెట్లలో ఏది లోపించినా చదువు కుంటుపడుతుంది. ఈ లోపం చిన్నది కాదు. ప్రథమ్ సంస్థ ఆధ్వర్యంలో 2022లో గ్రామీణ భారతంలో జరిగిన సర్వే ప్రకారం, ఐదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠాన్ని చదవగలిగినవారు సుమారు 43 శాతం మాత్రమే. చదవలేని పిల్లలకు గణితమైనా, విజ్ఞానశాస్త్రమైనా మూసిన తలుపే.

కనుక ఇంటిలో చేయవలసిన మొదటి పని పలక చేతికివ్వడం కాదు, చెవిని సిద్ధం చేయడం. జోలపాటలు, కథలు, పొడుపుకథలు బిడ్డకు మాటల సంపదనిస్తాయి. ఇంట్లో విన్న మాటే పుస్తకంలో ఎదురైనప్పుడు దాని అర్థం వెంటనే తడుతుంది. ఎన్నడూ వినని మాటను సరిగ్గా పలికినా అది శబ్దంగానే మిగిలిపోతుంది. మాటలతో ఆటలు ఆడించడం కూడా అవసరమే. ‘కాకి’ అనే మాట మొదట ఏ ధ్వని వినిపిస్తుంది, అదే ధ్వనితో మొదలయ్యే మాట మరొకటి ఏది అని అడిగితే బిడ్డ ‘కాలు’, ‘కాయ’ అంటూ వెదుక్కుంటుంది. మాటను ధ్వనులుగా విడదీయవచ్చునన్న ఎరుక అట్లా కలుగుతుంది. అక్షరం నిలబడేది ఆ ఎరుక మీదనే.

తెలుగు లిపి ఈ విషయంలో పిల్లలకు ఎంతో అనుకూలమైనది. మన అక్షరం సాధారణంగా నోటితో విడిగా పలకగలిగిన ధ్వనిని సూచిస్తుంది. పలికినట్లే రాస్తాము, రాసినట్లే చదువుతాము. వర్ణమాల మొత్తం పూర్తయిన తరువాతనే పదాలు చెప్పాలన్న నియమం లేదు. గ, ద, ప, డ, వ అనే ఐదు అక్షరాలు వచ్చిన బిడ్డ గద, వడ, పడవ, గడప అనే నాలుగు పదాలు చదవగలదు. తాను చదివిన గడప తన ఇంటి ముందే ఉందని తెలిసినప్పుడు కలిగే ఆనందమే తరువాతి అక్షరాన్ని నేర్చుకొనే ఉత్సాహమవుతుంది. ఇక ప, వ, ష వంటి పోలికగల అక్షరాలను ఒకే రోజున నేర్పకుండా, ఒకటి స్థిరపడిన తరువాత మరొకటి పరిచయం చేస్తే తికమక తగ్గుతుంది.

గుణింతాలనూ ఇట్లాగే సూత్రంగా నేర్పవచ్చు. గుడి ఎట్లా పలుకుతుందో ‘కి’లో తెలుసుకొన్న బిడ్డ ‘గి’, ‘పి’లను తానే పలకగలదు. వత్తుల దగ్గర మాత్రం ఓర్పు కావాలి. అమ్మ, అన్న, అత్త అనే మాటలు బిడ్డకు అతి సన్నిహితమైనవే అయినా, వాటిలోని వత్తులకు అసలు అక్షరాలతో పోలిక లేదు. అందువల్ల ఇటువంటి మాటలను మొదట బొమ్మలాగా మొత్తంగా గుర్తుపట్టనిచ్చి, వత్తులను తరువాత విడదీసి చూపాలి. దీనికి ఖరీదైన సామగ్రి అక్కరలేదు. చింతగింజలతో పేర్చిన అక్షరాలు, గోడమీది క్యాలెండరు, బస్సుమీది ఊరిపేరు, దుకాణాల బోర్డులు అన్నీ వాచకాలే.

ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలనే భావన కొందరిలో ఉంది. మూడేండ్ల బిడ్డ చేత గంటల తరబడి అక్షరాలు దిద్దించేవారూ ఉన్నారు. ఫిన్లాండు దేశంలో ప్రాథమిక పాఠశాల చదువు ఏడవ ఏట మొదలవుతుంది. అయినా అక్కడి పిల్లలు పఠనంలో వెనుకబడలేదు. మన దేశంలో 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడు నుండి ఎనిమిదేండ్ల వరకు గల వయస్సును ఒకే పునాది దశగా పరిగణించి, ఆటపాటల ద్వారా నేర్చుకోవడానికి ప్రాధాన్యమిచ్చింది. తొందరగా రావలసినది బిడ్డకు పుస్తకంతో చెలిమి; అక్షరాలు ఎవరి వేగంలో వారికి వస్తాయి. రోజుకు పావుగంట చాలు. విసుగు కనిపించగానే ఆపివేయాలి. పక్కింటి బిడ్డతో పోల్చి చిన్నబుచ్చితే పుస్తకమంటేనే భయం పుడుతుంది.

చదువుకు పునాది ఇంటిభాషే అన్న సత్యాన్ని గిడుగు వేంకట రామమూర్తి ఆచరణలో చూపారు. పర్లాకిమిడి ప్రాంతంలోని సవరల కోసం ఆయన స్వయంగా సవర భాష నేర్చుకొని, అందులో వాచకాలు రచించి, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. పిల్లలు తమ ప్రాంతపు యాసలో కథ చెబుతున్నప్పుడు తప్పులెన్నక వినాలన్నది దీని నుండి మనం గ్రహించవలసిన నీతి. పుస్తకభాష క్రమంగా దానికి తోడవుతుంది.

తల్లిదండ్రులకు చదువు రాని ఇళ్ళలో ఇదంతా సాధ్యమా అన్న సందేహం సహజం. అక్షరం రాని తల్లి కూడా కథ చెప్పగలదు, పాట పాడగలదు, బిడ్డ ప్రశ్నలకు బదులివ్వగలదు. పునాదిలో పెద్దభాగం అదే. అక్షరం చూపే పనిని ఆ ఇంట చదువుకొంటున్న అన్నలు, అక్కలు చేపట్టవచ్చు. కళాశాలకు చేరిన విద్యార్థి రోజూ కొంతసేపు చెల్లెలికో, పొరుగింటి పిల్లవానికో ఒక కథను వేలితో చూపుతూ చదివి వినిపిస్తే, తాను పొందిన విద్యలో కొంత భాగాన్ని తిరిగి ఇచ్చినట్లే. ఒకనాడు ఆ బిడ్డే పుస్తకాన్ని తన వైపు తిప్పుకొని తరువాతి వాక్యాన్ని తానే చదవడం మొదలుపెడుతుంది. అంతటితో పెద్దల పని నేర్పడం నుండి వినడంగా మారుతుంది.