మధుమేహము – కంటిలోని వల



నాది నెల్లూరు సముద్రతీరము. మైపాడు చెంత సేద్యము చేసికొనుచుండిన మా మేనమామగారు పండ్రెండేండ్లు మధుమేహముతో నుండిరి. సందెచీకటిలో మడిగట్టు తెలియుట లేదని వారు చెప్పినప్పుడు, శుక్లములు ముదిరిన పిమ్మట తీయింతమని మేమందరము ఊరకుంటిమి. మూడేండ్లు గడచెను. తుదకు కంటివైద్యుడు చూచి, శుక్లము స్వల్పమే, చెడినది లోపలి పొర యనెను. ఆ పోయిన చూపు మరల రాలేదు. ఈ ప్రసంగమునకు కారణ మదియే.

కంటి వెనుకగోడకు లోపలివైపున పలుచని పొర యొకటి కలదు. దానిని రెటీనా యందురు. లాటిను భాషలో వలకు గల పేరునుండి యా మాట పుట్టినది. ఇందు వెలుతురును గ్రహించు కణములు గలవు. అవి తాము గ్రహించిన దానిని నడిమి నాడీకణములకును, అవి తుది నాడీకణములకును అందించును. ఈ తుదికణముల తంతువులు సుమారు 10 లక్షలు మోకువలె ఒక్కటిగా గూడి మెదడునకు పోవును. మనము చూచుట యనగా ఈ వార్త మెదడునకు చేరుటయే.

రక్తములో చక్కెర యేండ్ల తరబడి హెచ్చియున్నచో, రెటీనాలోని సన్నని రక్తనాళముల గోడలు బలహీనపడి నెత్తురును నీరును కారును. కొన్ని పూడిపోవును. ఇది వైద్యులు చిరకాలముగా నెరిగినదే. అయితే నాళముల చెరుపు కంటబడకముందే నాడీకణములును నశింప నారంభించునని పిమ్మట తెలిసినది. 1998లో అమెరికా పరిశోధకులు మధుమేహముగల యెలుకల కండ్లలోను, ఆ వ్యాధితో నుండి మరణించిన మనుష్యుల కండ్లలోను ఈ కణనాశమును కనుగొనిరి.

కారణములలో నొకటి చెప్పెదను. ఒక కణము వేరొకదానికి వార్త నందించుటకు గ్లుటమేటు అను పదార్థమును విడుచును. పని తీరినవెంటనే పోషకకణములు దానిని తొలగింపవలెను. మధుమేహమున ఆ పని మందగించును. మిగిలిపోయిన గ్లుటమేటు నాడీకణములకు విషమగును.

వల పిగిలినచో మన పట్టపువారు ఇసుకపై గూర్చుండి బాగుచేసికొందురు. కంటిలోని వలకు అట్టి బాగు లేదు. చచ్చిన నాడీకణము మరల మొలవదు. లేసరు చికిత్సయు, కంటిలో నిచ్చు సూదిమందులును నాళముల చెరుపును అరికట్టి మిగిలిన చూపును కాపాడగలవు గాని, పోయిన కణములను తేలేవు.

ఈ వ్యాధికి మొదట నొప్పి లేదు. పగటి చూపు బాగుగనే యుండవచ్చును. కాని వైద్యుడు కంటి లోపలి పొరను చూడగలడు. అందులకు సాధనమును 1851లోనే జర్మనీ దేశమున హెల్మ్‌హోల్ట్‌జ్ పండితుడు వెలయించెను. కావున మధుమేహమున్నదని తెలిసినప్పుడొకసారియు, ఆపై వైద్యుడు చెప్పిన ప్రకారము ఏటేటను కండ్లు చూపించుకొనవలెను. చక్కెరను, రక్తపుపోటును అదుపున నుంచవలెను. మొలకొలుకుల అన్నమైనను మితముగనే తినవలెను.

పెద్దలారా, మీ మాట యూరివారు విందురు. మధుమేహముగలవాడు చూపు మసకబారుచున్నదని మీతో చెప్పినయెడల, శుక్లము ముదరనిమ్మని మాత్రము చెప్పకుడు. ఆ వారమే వైద్యునికడకు పంపుడు.