తప్పెవరిదో టైరు చార చెబుతుంది

పిల్లలూ! మహేశ్వరం నుంచి వచ్చే రోడ్డు శ్రీశైలం రహదారిని కలిసే చోటును మహేశ్వరం గేటు అంటారు. అలాంటి కూడలిలో మహేశ్వరం వైపు నుంచి వచ్చిన స్కూటరూ, రహదారి మీద హైదరాబాదు వెళ్తున్న కారూ ఢీకొన్నాయనుకోండి. నిమిషంలో జనం మూగుతారు. "కారుదే తప్పు, స్కూటరును ఎంత దూరం విసిరేసిందో చూడండి" అంటారు. ఒక్కోసారి ఆ మాట మీదే డ్రైవరుకు దెబ్బలు కూడా పడతాయి.

కాని విసిరేయడం తప్పుకు సాక్ష్యమా? మీ పాఠంలోని ద్రవ్యవేగ నిత్యత్వ నియమం గుర్తు చేసుకోండి. 1000 కిలోల కారు సెకనుకు 12 మీటర్ల వేగంతో వస్తూ, అడ్డంగా వచ్చిన 200 కిలోల స్కూటరుకు (మనిషితో సహా) తగిలి, రెండూ కలిసి కదిలాయనుకుందాం. కారు దిశలో ఇద్దరి వేగం సెకనుకు 10 మీటర్లు అవుతుంది. కారు పోగొట్టుకున్నది 2 మీటర్లే, స్కూటరుకు వచ్చిపడింది 10 మీటర్లు. తేలిక బండి ఎగిరిపడటం బరువుల లెక్క. తప్పెవరిదైనా అలాగే జరిగేది.

మరి చట్టం ఏమంటుంది? 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం చిన్న రోడ్డు నుంచి వచ్చేవాడు పెద్ద రోడ్డు మీది బండికి దారివ్వాలి. రెండూ సమానమైన రోడ్లయి, సిగ్నలూ పోలీసూ లేకపోతే కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి. కుడివైపే ఎందుకు? మన దేశంలో ఎడమపక్కన నడుస్తాం కదా, అడ్డరోడ్డులో మనకు దగ్గరి సగంలో వచ్చేవి కుడివైపు బండ్లే. బొమ్మ గీసి చూడండి, తెలుస్తుంది.

అయితే స్కూటరుదే తప్పని తీర్పు చెప్పేద్దామా? ఆగండి. కూడలి దగ్గర వేగం తగ్గించాలన్న నిబంధన పెద్ద రోడ్డు వాడికీ ఉంది. కారు వేగం ఎంతో తెలియాలి. అది చెప్పేది రోడ్డు మీది నల్లటి చార. బ్రేకు వేసిన చక్రం తిరగకుండా జారితే ఆ చార పడుతుంది. దాని పొడవు 20 మీటర్లు, పొడి తారు రోడ్డు ఘర్షణ గుణకం 0.7 అనుకుందాం. వేగం వర్గం = 2 × 0.7 × 9.8 × 20 = 274. వేగం సెకనుకు 16.6 మీటర్లు, అంటే గంటకు సుమారు 60 కిలోమీటర్లు. గుద్దినప్పుడు ఇంకా కొంత వేగం మిగిలి ఉంటుంది కనుక అసలు వేగం ఇంతకన్నా ఎక్కువే. (వానలో ఇదే చార తక్కువ వేగాన్ని చూపుతుంది. చక్రం బిగుసుకోకుండా ఆపే ఎ.బి.ఎస్. ఉన్న కార్లు చారే సరిగా వదలవు, అది వేరే చిక్కు.)

బ్రేకు మీద కాలు పడటానికి ఒక సెకను పట్టిందంటే ఆ లోపల మరో 17 మీటర్లు. అంటే డ్రైవరు స్కూటరును చూసింది 37 మీటర్ల ముందు. అతడు 40 కిలోమీటర్ల వేగంతోనే వచ్చి ఉంటే? సెకనులో 11 మీటర్లు, బ్రేకుతో 9 మీటర్లు, మొత్తం 20. స్కూటరుకు 17 మీటర్ల ఇవతలే ఆగేవాడు!

కాబట్టి తప్పు ఇద్దరిదీను. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ కూడా ఇలాగే వాటాలు వేస్తుంది. నష్టం 10 లక్షలనీ, స్కూటరు నడిపినవాడి వాటా నాలుగో వంతనీ తేలిస్తే, అతడి ఇంటివాళ్లకు అందేది ఏడున్నర లక్షలు. వెనుక కూర్చున్నవాడికి మాత్రం ఈ కోత లేదు, అతడు బండి నడపలేదు కదా.

చిక్కేమిటంటే, చారలు ఎక్కువ కాలం ఉండవు. ట్రాఫిక్ ఆగిపోయిందని బండ్లను పక్కకు లాగేస్తారు, గాజుపెంకులు ఊడ్చేస్తారు. కొన్నేళ్ల క్రితం మా బడి దగ్గర ఇలాగే జరిగింది. ముందు దెబ్బతిన్నవారిని ఆటో ఎక్కించాం, అదే మొదటి పని. తర్వాత నా జేబులోని సుద్దముక్కతో నాలుగు చక్రాల చోటూ, చార మొదలూ గుర్తు పెట్టాను. "మాస్టారికి ఇక్కడా నల్లబల్లే కావాలి" అని ఎవరో నవ్వారు. గంట తర్వాత పోలీసులు వచ్చేసరికి రోడ్డు మీద బండ్లు లేవు, జనమూ లేరు. ఎస్.ఐ. గారు ఆ సుద్దగీతల మధ్యనే టేపు పట్టించి కొలిపించారు.