నల్లరేగడిలో పెద్ద టైరు

"పెద్ద టైర్లేస్తే ట్రాక్టరుకు బలం పెరుగుతాదా సార్?"

ఆళ్లగడ్డలో చక్రం, ఇరుసు పాఠం చెబుతుంటే వెనక బెంచీ కుర్రాడు అడిగాడు. ఇంట్లో పాత టైర్లు అరిగిపోయాయట. నాన్న మళ్లీ 13.6-28 చాలంటున్నాడు, చిన్నాన్న మాత్రం 16.9-28 వేయాల్సిందే అంటున్నాడు. "పెరగదు, తగ్గుతుంది" అన్నాను. క్లాసంతా నవ్వింది. వాడు తగ్గలేదు. "మరి అందరూ పిచ్చోళ్లా సార్?"

కాదు. ముందు బలం సంగతి చూద్దాం. టైరు మీది మొదటి అంకె వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాల్లోనే. రిమ్ము అదే 28 అయినా, 13.6 టైరు మొత్తం ఎత్తు 51 అంగుళాల పైచిలుకు ఉంటే 16.9 టైరు దాదాపు 56 ఉంటుంది. ఇరుసును తిప్పే శక్తి ఎంతో గేరుబాక్సులోనే తేలిపోతుంది, టైరు మారినంత మాత్రాన అది మారదు. ఇరుసుకూ నేలకూ దూరం పెరిగేకొద్దీ నేలను వెనక్కి నెట్టే బలం తగ్గుతుంది. ఇక్కడ తగ్గేది 8 శాతం దాకా. అదే గేరులో వేగం మాత్రం 9 శాతం పెరుగుతుంది. ట్రాలీ లాగేటప్పుడు ఎత్తు మీద డ్రైవరు ఒక గేరు దించాల్సి రావచ్చు.

అయితే మడిలో ట్రాక్టరు ఆగిపోయేది ఇంజనుకు బలం చాలక కాదు. నంద్యాల చుట్టుపక్కల కె.సి. కాలువ కింద వరి మళ్లలో చూడండి. ఇంజను హాయిగా మోగుతుంటుంది, చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగి గుంట తవ్వుకుంటుంది. బలం ఉంది, దాన్ని అందుకునే పట్టు నేలకు లేదు. పెద్ద టైరు తెచ్చేది ఆ పట్టునే.

ఎలా తెస్తుందన్నదే నాకు ఎంత చెప్పినా తనివి తీరని సంగతి. టైరులో గాలి ఎంత ఒత్తిడితో ఉంటే, టైరు నేలను ఇంచుమించు అంతే ఒత్తిడితో నొక్కుతుంది (టైరు గోడల బిరుసు వల్ల కాస్త ఎక్కువ). రెండు టన్నుల ట్రాక్టరులో ఒక్కో వెనక చక్రం మీద 650 కిలోలు పడుతుందనుకుందాం. రోడ్డు కిరాయికని 30 పాయింట్ల గాలి కొట్టించి ఉంటే, చదరపు సెంటీమీటరుకు 2.1 కిలోల ఒత్తిడి. అంటే నేలను తాకేది 310 చదరపు సెంటీమీటర్లే. గాలి 12 పాయింట్లకు దించితే ఆ జాగా 770కి పెరుగుతుంది. బురదలో దిగబడ్డ మనిషి కాలి కింద పలక వేసినట్టే ఇది, పైసా ఖర్చు లేకుండా.

మరి చిన్న టైరులోనే గాలి తీసేస్తే పోదా? పోదు. గాలి తగ్గితే పక్క గోడలు నలిగి, వేడెక్కి, చీలిపోతాయి. అదే బరువును తక్కువ గాలితో మోయాలంటే లోపల ఎక్కువ గాలి పట్టే పెద్ద పొట్ట కావాలి. పెద్ద టైరుకు పెట్టే డబ్బు నిజానికి ఈ తక్కువ గాలి కోసమే. ఇసుకలో, కొండదారుల్లో ఎగిరే ఏటీవీ బండ్ల ఉబ్బు టైర్లలో మామూలుగా ఉండేది 5 నుంచి 7 పాయింట్లే. వాటి రహస్యమూ ఇదే.

ఇంకో చిన్న మెలిక. వెడల్పు పెరిగితే తాకే జాగా అడ్డంగా పెరుగుతుంది, ఎత్తు పెరిగితే పొడవుగా పెరుగుతుంది. నా ఓటు పొడవుకే. ముందు భాగం మట్టిని నొక్కి గట్టిచేస్తే, వెనక వచ్చే టైరు గుబ్బలు ఆ గట్టిపడ్డ మట్టిని పట్టుకుంటాయి. వెడల్పు మరీ ఎక్కువైతే చక్రం తన ముందున్న బురదను తోసుకుంటూ పోవడానికే సగం అలసిపోతుంది.

గాలి టైరు పొలంలో పనికొస్తుందంటే మొదట్లో నమ్మినవాళ్లు తక్కువ. 1930ల తొలినాళ్ల దాకా అమెరికా ట్రాక్టర్లు ఇనుప చక్రాలతో, వాటి మీద ఇనుప పళ్లతో నడిచేవి. అవి రోడ్లను దున్నేస్తున్నాయని చాలాచోట్ల రోడ్డెక్కనిచ్చేవారు కాదు. 1932లో ఆలిస్-చామర్స్ కంపెనీ విమానం టైర్లను ట్రాక్టరుకు తొడిగి చూసింది. ఒహాయోలో సొంత పొలం ఉన్న టైర్ల కంపెనీ యజమాని హార్వీ ఫైర్‌స్టోన్ అదే పట్టు పట్టాడు. రబ్బరు జారిపోతుందని రైతుల అనుమానం. మరుసటి ఏడు బార్నీ ఓల్డ్‌ఫీల్డ్ అనే కారు పందేల మొనగాణ్ని ఎక్కించి, ట్రాక్టరును గంటకు 64 మైళ్లు, అంటే 100 కిలోమీటర్లకు పైగా ఉరికించారు. నాగలి కట్టేవాడికి ఆ వేగమెందుకో తెలియదు గానీ జనం నోళ్లు మాత్రం మూతపడ్డాయి.

తర్వాత తగవు గుబ్బల మీదికి మళ్లింది. నడిమధ్యలో గుబ్బలు ఒకదానికొకటి కలిసి ఉండాలంది ఫైర్‌స్టోన్: రబ్బరు ఎక్కువ, కాబట్టి పట్టూ ఎక్కువ. మధ్య ఖాళీ వదలాలంది పోటీ కంపెనీ గుడ్‌ఇయర్: ఇరుక్కున్న మట్టి జారిపోయే దారి ఉండాలిగా. పత్రికల్లో ప్రకటనలతో ఏళ్ల తరబడి కొట్టుకున్నారు. మన నల్లరేగడిలో పందెం పెట్టి ఉంటే ఒక్క పూటలో తేలిపోయేది. ఈ మట్టిలోని మాంట్‌మొరిల్లొనైట్ అనే ఖనిజం రేణువుల పొరల మధ్యకు నీరు చేరి ఉబ్బుతుంది. ఎండితే బీటలు, తడిస్తే బంక. గుబ్బల సందులు ఈ బంకతో నిండాయంటే ఎంత ఖరీదైన టైరైనా నున్నటి గుండే. ఏటవాలు గుబ్బ మధ్య కొస ముందు నేలను తాకి, మట్టిని బయటి అంచు వైపు నెడుతుంది. నేల మీద చదునైన టైరు పైకి లేస్తూ మళ్లీ గుండ్రమయ్యేటప్పుడు మిగిలిన మట్టిని విదిలిస్తుంది. ట్రాక్టరు వెనక నిలబడి చూస్తే గుబ్బల బాణం మొన పైకి ఉండాలి. తిరగేసి బిగిస్తే మట్టి నడుమకు చేరి మేట వేస్తుంది. ఈ రోజు మన దుకాణాల్లో కనిపించే ట్రాక్టరు వెనక టైర్లు దాదాపు అన్నీ మధ్య ఖాళీ ఉన్నవే.

దమ్ము చేసే రోజుల్లో మాత్రం ఇనుమే మళ్లీ గెలుస్తుంది. పైనంతా జావలాంటి బురదైనప్పుడు ఇనుప కేజ్ వీల్స్‌కు సాటి లేదు. వాటితో తారు రోడ్డెక్కొద్దని అధికారులు మొత్తుకుంటూనే ఉంటారు.

మిగతా కథ త్వరగా చెప్పేస్తాను. రెండో ప్రపంచ యుద్ధంలో రబ్బరు దొరక్క కొత్త ట్రాక్టర్లు కొన్నాళ్లు ఇనుప చక్రాలకు తిరిగెళ్లాయి. 1946లో మిషెలిన్ కంపెనీ రేడియల్ టైర్‌కు పేటెంటు తీసుకుంది. 2022లో మన అచ్యుతాపురంలో యొకోహామా వాళ్ల పొలం టైర్ల కర్మాగారం తెరిచారు.

ఇక కొనేవాళ్లకు. 13.6 కూర్చున్న రిమ్ము మీద 16.9 కుదరదు, రిమ్ములూ మార్చాలి. ఫోర్‌వీల్ బండికి ఇంకో చిక్కుంది. దాని ముందు చక్రాలు వెనకవాటికన్నా 1 నుంచి 5 శాతం ముందుండేలా గేర్లు కూర్చి ఉంటాయి, బండిని లాగడం కోసం. వెనక టైరు ఎత్తు మాత్రమే 4 శాతం పెంచారనుకోండి, ఆ తేడా మాయమైపోవచ్చు. ముందు చక్రాలు లాగడం మానేసి బ్రేకుల్లా అడ్డుపడతాయి, గట్టి నేల మీద గేర్లు నలుగుతాయి. పెంచితే నాలుగూ ఒకే నిష్పత్తిలో పెంచాలి.

అసలు పెద్ద టైరు అవసరమేనా అని తేల్చే పరీక్ష ఒకటుంది. వెనక టైరుకు సుద్దముక్కతో గీత పెట్టండి. కల్టివేటర్ పైకెత్తి పది చుట్లు నడిపితే 13.6 టైరు 39 మీటర్ల దాకా పోతుంది. కల్టివేటర్ దించి, దున్నుతూ అదే పది చుట్లకు ఎంత పోయిందో కొలవండి. 35 వస్తే జారుడు 10 శాతం. 8 నుంచి 15 మధ్య ఉంటే టైర్ల జోలికి పోనక్కర్లేదు. 15 దాటితే ముందు గాలి దించి చూడండి, తర్వాత టైర్లలో నీళ్లు నింపి చూడండి. ఒక్కో దాంట్లో ముప్పాతిక వంతుకు దాదాపు 200 లీటర్లు, అంటే 200 కిలోల బరువు ఉత్తపుణ్యానికే వస్తుంది. అప్పటికీ జారుతుంటే టేపు తీసి మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య సందు ఎంతుందో కొలుచుకుని దుకాణానికి వెళ్లండి.