యాక్సిలరేటర్ స్పందించకపోతే?

బ్రిటన్‌లో 1962 నుంచి 1980 వరకు తయారైన ఎంజీబీ స్పోర్ట్స్ కారును, అందులోనూ జంట ఎస్‌యూ కార్బురేటర్లున్న రకాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఇందులో పెడల్ నొక్కితే ఒక ఉక్కు కేబుల్ థ్రాటిల్ పలకలను తెరుస్తుంది. గాలి, పెట్రోలు మిశ్రమం ఎక్కువగా ఇంజిన్‌లోకి వెళ్తుంది. వేగం పెరుగుతుంది. నడుమ కంప్యూటర్ ఏదీ లేదు.

మరి పెడల్ నొక్కినా వేగం పెరగకపోతే? ముందు ఇంజిన్ ఆపండి. ఒకరు పెడల్ నొక్కుతుంటే మరొకరు కార్బురేటర్ల దగ్గర గమనించాలి. పలకలు కదలకపోతే లోపం పెడల్‌కూ థ్రాటిల్‌కూ నడుమనే ఉంది. కేబుల్ తెగి ఉండవచ్చు, బిగింపు జారి ఉండవచ్చు. సగమే తెరుచుకుంటే కేబుల్ వదులైందేమో చూడండి.

పూర్తిగా తెరుచుకుంటే తప్పు కేబుల్‌ది కాదు. ఒక్కసారిగా నొక్కినప్పుడే ఇంజిన్ తడబడుతోందా? కార్బురేటర్ పైనున్న డంపర్‌లో నూనె ఉందో లేదో చూడండి. నూనె లేకపోతే లోపలి పిస్టన్ మరీ త్వరగా పైకి లేస్తుంది. గాలి ఎక్కువై పెట్రోలు చాలదు. నొక్కి ఉంచగా కొద్దిసేపటికి శక్తి తగ్గుతుంటే పెట్రోలు పంపును, ఫిల్టరును పరీక్షించాలి.

పెడల్ వదిలినా థ్రాటిల్ మూసుకోకపోవడం మరింత ప్రమాదకరం. స్ప్రింగ్ తెగినా, కేబుల్ పట్టేసినా ఇలా జరుగుతుంది. సరిచేసేదాకా ఆ కారును రోడ్డెక్కించకూడదు.