తెలంగాణ పాట మీద అమెరికా ప్రొఫెసర్ పుస్తకం ఎందుకు రాసిండు?

అంతర్జాతీయ సంబంధాలు అనంగనే మనోళ్లకు రెండే బొమ్మలు యాదికొస్తయి. ఒకటి, ప్రధానమంత్రి విమానం దిగి ఇంకో దేశపు పెద్దమనిషికి చెయ్యి కలుపుడు. రెండు, టీవీల నలుగురు కూసొని పాకిస్తాన్ మీద ఒర్లుడు. గిది ఢిల్లీ పిల్లల సబ్జెక్టు, మనకేం పని అని మన డిగ్రీ పోరగాళ్లు పక్కకు పెడ్తరు. నేనైతే గా మాట ఒప్పుకోను. ఎందుకో చెప్పాల్నంటే ఒక ప్రొఫెసర్ సంగతి చెప్పాలె.

ఆయన పేరు హిమదీప్ ముప్పిడి. మిన్నెసోటా యూనివర్సిటీల పీహెచ్‌డీ చేసిండు. న్యూయార్క్ రాష్ట్రంల పకీప్సీ అనే ఊర్ల వాసర్ కాలేజీ ఉన్నది, గాడ ప్రొఫెసర్ అయిండు. ఈ లైన్ల పేరు వచ్చేది కుర్చీతోని కాదు, అడిగిన ప్రశ్నతోని. 1999ల వచ్చిన ఒక వ్యాసాల పుస్తకంల ఆయన ఇండియా, అమెరికా సంగతి ఎత్తుకున్నడు. రెండూ ఓట్లేసుకునే దేశాలే. రెండిటి నడుమ గట్టు పంచాది లేదు. మరి ఏండ్లకేండ్లు ఒకరి మీద ఒకరికి గంత అనుమానమేంది? అమెరికా పాకిస్తాన్‌కు ఆయుధాలిచ్చింది, మనం రష్యా దిక్కు ఒరిగినం అని మామూలుగ చెప్తరు. నాకు సమజైనకాడికి ముప్పిడి వాదన ఏందంటే, దేశాలు బలం లెక్కలు ఒక్కటే చూసుకోవు. తెల్లోళ్ల పాలన కింద బతికిన దేశం, ఇంకో పెద్ద దేశం బుద్ధి చెప్తున్నట్టు మాట్లాడితే, దాంట్ల పాత దొరతనం వాసన పసిగడ్తది.

పుస్తకంల చదివితే గిది గాలిమాట లెక్క అనిపిస్తది. సికింద్రాబాద్ కంటోన్మెంట్ దిక్కు పోయి చూస్తే అనిపియ్యది. 1798ల నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతోని ఒప్పందం చేసుకున్నడు. అప్పటిదాక ఆయన కాడ ఫ్రెంచోళ్లు తయారుజేసిన ఫౌజు ఉండె. దాన్ని ఎత్తేసి కంపెనీ ఫౌజును పెట్టుకోవాలె, ఏడాదికి 24 లక్షల రూపాయల పైన ఖర్చు నిజామే కట్టాలె. గా ఫౌజు దిగిన జాగకే 1806ల నిజాం సికిందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అని పేరొచ్చింది. ఖర్చు గాడ ఆగలే. 1800ల ఇంకో ఒప్పందమైంది. మైసూరు యుద్ధాలల్ల నిజాం వాటాకు వచ్చిన జాగలు ఫౌజు ఖర్చు కింద కంపెనీకే పోయినయి. ఇప్పటి రాయలసీమల ఎక్కువ భాగం, బళ్లారి గట్లనే పోయినయి. దత్తమండలాలు అనే పేరు గందుకే. 1853ల బాకీల పేరు మీద బేరార్ గూడ పోయింది. కావలి ఉంటనని వచ్చినోనికి జీతం కట్టుకుంట కట్టుకుంట ఉన్న పొలం పోగొట్టుకున్నట్టు.

మనం గక్కడ రైలెక్కుతం, దిగుతం. పరాయి సర్కారుతోని రాసుకున్న కాగితంకెల్లి పుట్టిన ఊరని ఎవరూ చెప్పరు. ఈ సబ్జెక్టు క్లాసుల పాఠం మామూలుగ యూరప్‌ల 1648 వెస్ట్‌ఫాలియా సంధి కాడ మొదలైతది. మన 1798 కాడికి రానే రాదు.

1948 సంగతి గూడ గంతే. హైదరాబాద్ సర్కారు ఆగస్టుల ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు పెట్టింది. సెప్టెంబర్ 13న ఇండియా ఫౌజులు లోపలికొచ్చినయి. 16న పారిస్‌ల భద్రతామండలి కేసు ఎత్తుకున్నది, 17న నిజాం లొంగిపోయిండు. 1950ల క్లైడ్ ఈగల్టన్ అనే ప్రొఫెసర్ గీ కేసు మీదనే అమెరికాల లా పత్రికల పెద్ద వ్యాసం రాసిండు. అంటే మన సంగతి లోకం చదివింది. గని రజాకార్ల చేత దెబ్బలు తిన్న పల్లెలు, గడీలకు ఎదురు తిరిగిన రైతులు గా పారిస్ గదిల లేరు. మాట్లాడింది సర్కార్లు, రాసింది లాయర్లు.

గా లేనోళ్ల దిక్కు నిలబడి చూస్తే, ముప్పిడి మూడో పుస్తకం ఎంత తేడానో తెలుస్తది. 2004ల, 2012ల రెండు పుస్తకాలు రాసిండు, ప్రపంచీకరణ మీద ఒకటి, ఈ సబ్జెక్టుల ఇంకా మిగిలిన వలసపాలన గుర్తుల మీద ఒకటి. 2015ల వచ్చిన దాని పేరే ‘పాలిటిక్స్ ఇన్ ఎమోషన్: ద సాంగ్ ఆఫ్ తెలంగాణ’. బాంబులు, బార్డర్ల చుట్టూ తిరిగే సబ్జెక్టుల పాటను, ఏడుపును, కోపాన్ని రాజకీయమని రాసుడు చిన్న పని కాదు. శ్రీకృష్ణ కమిటీ 2010 డిసెంబర్ల ఆరు దారులు చూపిచ్చుకుంట రిపోర్ట్ ఇచ్చింది. గది చదివినోళ్లెందరు? ధూంధాంకు వచ్చినోళ్లెందరు?

ఒక బాధ మాత్రం ఉన్నది. పుస్తకం ఇంగ్లీషుల ఉన్నది, అలకటి ఇంగ్లీషు గూడ కాదు. ఎవరి పాట మీద రాసిండో వాళ్ల పిల్లల చేతికి అందేది కాదు. గిది ఆయన ఒక్కని తప్పనలేం. యూనివర్సిటీ కొలువుల లెక్కకొచ్చేది ఇంగ్లీషు పుస్తకమే.

మరి మీరు ఎట్ల పోవాలె? డిగ్రీల ఏది చదివినా ఫికర్ లేదు. సి. రాజామోహన్ ఆంధ్రా యూనివర్సిటీల న్యూక్లియర్ ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేసి, జేఎన్‌యూల ఈ సబ్జెక్టు మీద పీహెచ్‌డీ చేసిండు. హిందూ పేపర్ల రాసిండు, 2016ల కార్నెగీ ఇండియాకు మొదటి డైరెక్టర్ అయిండు. ఆయన చూపు సర్కారు దిక్కుకెల్లి, ముప్పిడి చూపు జనం దిక్కుకెల్లి. నాకు రెండోదే నచ్చుతది, గని రెండూ చదవాలె. జేఎన్‌యూల ఎమ్మేకు సీయూఈటీ పీజీ రాయాలె. తర్వాత నెట్. గాండ్ల పొలిటికల్ సైన్స్ ఉన్నది, ఇంటర్నేషనల్ అండ్ ఏరియా స్టడీస్ అని వేరే సబ్జెక్టు గూడ ఉన్నది. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి సంది నెలకు 37,000 రూపాయలు, అటెన్క హెచ్‌ఆర్‌ఏ. ఇంట్ల పైసలు అడగకుంట పీహెచ్‌డీ చేసుకోవచ్చు.

టాపిక్ కోసం ఎక్కడికో పోవద్దు. దుబాయ్ పోయొచ్చిన మీ కాకను కూసోవెట్టి అడుగుర్రి, పాస్‌పోర్ట్ ఎవరి కాడ పెట్టుకున్నరు, కఫీల్ సంతకం లేకుంటె ఏమైంది అని. నెట్ పేపర్ తెలుగుల రాదు, ఇంగ్లీషు, హిందీలనే వస్తది. గందుకని ఆ ముచ్చట్లు మొదాలు తెలుగుల రాసుకొని, తర్వాత మెల్లగ ఇంగ్లీషుల రాసి చూడుర్రి.