సదస్సులో మొదటి మాట ఎవరిది?

సదస్సు అనగానే నిర్వాహకుల దృష్టి ముందుగా ఆహ్వాన పత్రికపై పడుతుంది. ముఖ్య అతిథి ఎవరు, ఎవరి పేరు ఎవరి పేరుకు పైన ఉండాలి అన్న చర్చతోనే తొలి సమావేశాలు గడిచిపోతాయి. తీరా ఆ రోజు వచ్చాక సన్మానాలు, సందేశాలు ముగిసేసరికి మధ్యాహ్నమవుతుంది. విషయం తెలిసినవారికి పది నిమిషాలు మిగులుతాయి. బాధ అనుభవిస్తున్నవారికి అవి కూడా మిగలవు. పర్యావరణ ప్రజారోగ్యంపై జరిగే సదస్సుకు ఈ పద్ధతి తగదు. అక్కడ చర్చకు వచ్చేది మన పిల్లలు తాగే నీరు, పీల్చే గాలి.

తెలుగు నేలకు బాగా తెలిసిన ఫ్లోరోసిస్ సమస్యనే తీసుకుందాం. భారతదేశంలో ఈ వ్యాధిని తొలిసారి 1937లో నాటి మద్రాసు ప్రెసిడెన్సీకి చెందిన నెల్లూరు జిల్లాలో వైద్యులు నమోదు చేశారు. తరువాతి కాలంలో నల్గొండ పేరు దీనితో ముడిపడిపోయింది. శిలల్లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు కొద్దికొద్దిగా భూగర్భ జలంలో కరుగుతుంది. ఆ నీటిని చూసి గాని, వాసన చూసి గాని దాన్ని గుర్తించలేం. తాగునీటిలో అది లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించకపోవడం మేలనీ, వేరే నీటి వనరు లేనిచోట సైతం 1.5 మిల్లీగ్రాములు దాటరాదనీ భారత ప్రమాణాలు చెబుతున్నాయి. హద్దు మీరిన నీటిని ఏళ్ల తరబడి తాగితే, పసితనంలో ఏర్పడే పళ్లపై మచ్చలు పడతాయి. మోతాదు మరీ ఎక్కువైతే కీళ్లు బిగుసుకుపోతాయి, ఎముకలు వంగుతాయి. అలా వంగిన ఎముకను మందులు నిటారుగా చేయలేవు. కాబట్టి నివారణ తప్ప వేరే దారి లేదు.

ఇటువంటి ప్రాంతంలో ఒకరోజు సదస్సు తలపెట్టినవారు తొలి గంటను ఆ నీరు తాగుతున్నవారికే కేటాయించాలి. ఏ బోరు నీరు ఎన్నేళ్లుగా వాడుతున్నారో, ఏ వయసులో పిల్లల పళ్లు మారాయో ఇంటి ఇల్లాలికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. అయితే వంగిన దేహాలను వేదికపై ప్రదర్శనకు పెట్టడం, అనుమతి లేకుండా ఫొటోలు తీయడం వారి గౌరవానికి భంగం. వారిని సాక్షులుగా పిలవాలి, జాలి కోసం కాదు. స్త్రీలు రావాలంటే నల్లా నీళ్లు వచ్చే వేళను తప్పించి సమయం నిర్ణయించాలి. పసిపిల్లలతో కూర్చునే వసతి ఉండాలి.

రెండో భాగంలో వైద్యుడు, భూగర్భ శాస్త్రవేత్త చెరి ఇరవై నిమిషాలు మాట్లాడితే చాలు. ప్రశ్నలకు అంతకు రెట్టింపు సమయం కావాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలున్న ఊళ్లో ఆ భాషలోనూ సమాధానం అందాలి. నీళ్లు కాచి తాగితే సరిపోదా అని తల్లులు అడుగుతారు. కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది. తాగడానికి నది నీరు, వంటకు బోరు నీరు వాడవచ్చా అని మరొకరు అడుగుతారు. వండిన అన్నం ఆ నీటిని పీల్చుకుంటుంది గనుక వంటకూ మంచినీరే వాడాలి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే 'నల్గొండ పద్ధతి' గురించి కూడా ఇక్కడే వివరించవచ్చు.

జుహర్ నమాజుకు, భోజనానికి విరామం ఇచ్చిన తరువాత, నీటి పరీక్ష జరగాలి. ప్రతి కుటుంబం శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో తమ నీటిని తెచ్చి, దానిపై బోరు ఉన్న చోటు రాయాలని ముందే చెప్పాలి. పరీక్ష కిట్‌తో అక్కడికక్కడే ఒక అంచనాకు రావచ్చు. అనుమానమున్న నమూనాలను ప్రయోగశాలకు పంపవచ్చు. భూగర్భ జలంలో ఆర్సెనిక్ బయటపడిన బంగ్లాదేశ్‌లో గొట్టపు బావులను పరీక్షించి, ప్రమాదకరమైనవాటికి ఎరుపు రంగు, సురక్షితమైనవాటికి ఆకుపచ్చ రంగు పూశారు. చదువు రానివారికి కూడా ఫలితం బావి దగ్గరే తెలిసింది. సదస్సు ఫలితం కూడా అలా ఇంటి గుమ్మం దాకా చేరాలి.

చివరి గంటలో తీర్మానాలు చదివి చప్పట్లు కొట్టడంతో పని పూర్తి కాదు. ఏ బోరుపై హెచ్చరిక రాయాలి, ఎవరు రాయాలి, ఎప్పటిలోగా రాయాలి, అధికారులకు వినతిపత్రం ఎవరు అందజేయాలి అన్న నాలుగు విషయాలు పేర్లతో, తేదీలతో నమోదు కావాలి. ఆరు నెలల తరువాత అదే జనం మధ్య ఆ కాగితాన్ని మళ్లీ చదవాలి.

కార్యక్రమ పత్రం రాసేవారి చేతిలో ఉన్నది కేవలం గంటల పట్టిక కాదు. ఎవరి బాధ వినబడాలి, ఎవరి బాధ వినబడకుండా పోవాలి అన్నది ఆ కాగితమే నిర్ణయిస్తుంది. అందులో మొదటి గంట నీళ్ల బిందె మోసే తల్లికి దక్కితే, మిగతా సదస్సు దారి తప్పదు.